కరెంటు పెదబాబు సర్టిఫికెట్

మీ ఇంట్లో గోడ మీదున్న ప్లగ్గు సాకెట్‌ని ఒకసారి చూడండి. మూడు కన్నాలుంటాయి. కింద రెండూ సరే, పైనున్న ఆ పెద్ద కన్నం దేనికో చెప్పగలరా? చెప్పలేకపోతే మీరొక్కరే కాదు. చోడవరం చుట్టుపక్కల ఇరవయ్యేళ్ళుగా ఇళ్ళకి వైరింగు చేస్తున్న పెదబాబుకి కూడా ఆ బుధవారం ఉదయం పదింటిదాకా సరిగ్గా తెలియదు.

చోడవరంలో కొత్తగా పెట్టిన కమ్యూనిటీ కాలేజీ అనగానే పెద్ద మేడ ఊహించుకోకండి. రెండు గదులు, వెనక ఒక రేకుల వర్క్‌షాపు. కుట్టుపని, నర్సింగు సహాయం, ఇంటి వైరింగు. ఏ కోర్సయినా ఆరు నెలలు. చివర్లో పరీక్ష, పాసైతే సర్టిఫికెట్. వైరింగు క్లాసులో ఇరవై రెండు మంది. అందులో ఇరవై ఒక్కరు మీసాలింకా కుదురుగా రానివాళ్ళు. మిగిలిన ఒక్కడూ ఆ కుర్రాళ్ళు ‘తాతా’ అని పిలిచే యాభై ఒక్కేళ్ళ పెదబాబు. వడ్డాది నుంచి మాడుగుల దాకా ‘కరెంటు పెదబాబు’ అంటే తెలియని ఇల్లు లేదు.

అలాంటివాడు బెంచీ మీదెందుకు కూర్చున్నాడు? కారణం ఒక కాంట్రాక్టరు. కొత్త అపార్ట్‌మెంట్ పని అడగడానికి వెళ్తే, ఆ కాంట్రాక్టరు మొహం కూడా చూడకుండా, “సర్టిఫికెట్ ఉందా?” అన్నాడు. ఇరవయ్యేళ్ళ పనికి ఒక్క కాగితం లేదు. పెదబాబు వచ్చేశాడు. మర్నాడే కాలేజీలో పేరిచ్చాడు.

ఇంటికొచ్చి భార్యతో నిజం చెప్పలేకపోయాడు. “కాలేజీవోళ్ళు పిలిచేరే. కుర్ర గుంటలకి పని నేర్పమన్నారు,” అన్నాడు.

భార్య ఆ మాట కుళాయి దగ్గర చెప్పింది. కుళాయి దగ్గర నుంచి ఊరంతా పాకింది. వారం తిరగకుండా పెదబాబు మాస్టారైపోయాడు. ఎవరైనా “ఏం మాస్టారూ, కాలేజీకేనా?” అంటే తలూపి బండి స్టార్ట్ చేసేవాడు. అబద్ధం చిన్నదే. ఎవరికీ నష్టం లేదనుకున్నాడు.

ఆ బుధవారం క్లాసులో గౌతమి ఒక స్విచ్చిబోర్డు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇరవయ్యారేళ్ళ పిల్ల, అనకాపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చి పాఠం చెబుతుంది. పెదబాబు ఎదుట ‘మేడమ్’ అనేవాడు. మనసులో మాత్రం ‘ఈ గుంటకేటి తెలుసు’ అనుకునేవాడు.

“ఇందులో తప్పేమిటో చెప్పండి,” అంది గౌతమి.

“స్క్రూలు తుప్పట్టేయి మేడమ్,” అన్నాడు సన్నీ. క్లాసులో అల్లరికి వాడే పెద్ద.

“నీ బుర్రకి పట్టినంత కాదులే. లోపల చూడు.”

అందరూ నవ్వుతూ ముందుకు వంగారు. సాకెట్ వెనక న్యూట్రల్ స్క్రూ నుంచి, పైనున్న పెద్ద కన్నం తాలూకు ఎర్త్ స్క్రూకి బెత్తెడు కూడా లేని వైరు ముక్క బిగించి ఉంది. పెదబాబు పెదాల మీద చిరునవ్వు వచ్చింది. అది తన పద్ధతే. ఇంటి బయట గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ పోసి, లీకైన కరెంటుని నేలలోకి దించే ఎర్త్ వైరు ఇల్లంతా తిప్పడం ఎవడికి ఓపిక? ఈ ముక్క ఒక్కటి పెడితే టెస్టు బల్బు వెలుగుతుంది. ఇంటాయన ఎర్త్ ఉందనుకుంటాడు. పెదబాబుకి ఇది అతని గురువు నేర్పాడు. ఆ గురువుకి ఇంకో గురువు. ఇరవయ్యేళ్ళలో పెదబాబు అలాంటి ముక్కలు వేలల్లో బిగించాడు.

‘ఇది మా పద్ధతే మేడమ్’ అని గర్వంగా చెప్పడానికి నోరు తెరవబోయాడు. అంతలో గౌతమి ఒక స్టీలు గ్రైండర్‌ని ఆ సాకెట్‌కి తగిలించింది.

“ఇప్పుడు లైను నుంచి వచ్చే రెండు వైర్లూ తారుమారు చేస్తున్నాను. స్తంభం దగ్గరో మీటరు దగ్గరో ఇలా జరుగుతూనే ఉంటుంది. ఇంట్లో బల్బు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది. ఎవరికీ అనుమానం రాదు. సన్నీ, ఆ బల్బు వైరు ఒకటి గ్రైండర్ ఒంటికి ఆనించు. రెండోది బయట నేలలో పాతిన కడ్డీకి. చెయ్యి తగలనీకు.”

సన్నీ ఆనించాడు. బల్బు భగ్గున వెలిగింది.

“గ్రైండర్ స్విచ్చి వెయ్యలేదు, చూశారా?” అంది గౌతమి నెమ్మదిగా. “ఆపి ఉన్న గ్రైండర్ ఒళ్ళంతా కరెంటే. ఆ బల్బు స్థానంలో మీ అమ్మ ఉంటే? తడి గచ్చు మీద, చెప్పుల్లేకుండా?”

నవ్వులు ఆగిపోయాయి. పెదబాబు రెండు చేతులూ బెంచీ కిందికి పెట్టుకున్నాడు.

ఎందుకంటే తడి గచ్చు, స్టీలు గ్రైండర్, చెప్పుల్లేని కాళ్ళు, ఈ మూడూ ఉన్న చోటు అతనికి తెలుసు. సోమవారమే అక్కడ పని ముగించి వచ్చాడు.

పెదబాబు పిన్ని కూతురు నూకరత్నం మాడుగులలో హల్వా చేసి దుకాణాలకి వేస్తుంది. ఇంటి వెనక కొత్తగా రేకుల షెడ్డు వేయించింది. వైరింగు అన్నయ్యదే. ఐదు సాకెట్లు, ఐదు వైరు ముక్కలు. షెడ్డుకి వేరే మీటరు. బుధవారం పదకొండింటికి లైన్‌మేన్ దాసు వచ్చి స్తంభం నుంచి లైనిస్తాడు. ఇచ్చిన వెంటనే గ్రైండర్‌లో గోధుమలు పోస్తారు.

గోడ గడియారం పది ఇరవై చూపిస్తోంది. బండి తీస్తే మాడుగుల ముప్పావుగంట. ఇప్పుడే బయల్దేరితే దాసుతో సమానంగా చేరొచ్చు.

“మేడమ్, ఒక ఫోన్ చేసుకొస్తాను,” అని లేచాడు.

మెట్ల మీద నిలబడి నంబరు నొక్కాడు. నూకరత్నం వెంటనే ఎత్తింది.

“ఏటి మాస్టారూ! క్లాసులో ఉండి ఫోనేటి? పిల్లలు గోల సెయ్యరా?”

ఆ ‘మాస్టారూ’ అన్న పిలుపు వినగానే పెదబాబు ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. చెప్పాల్సింది ఒక్క ముక్క: ‘నేను తప్పు చేసేను. సాకెట్లు మార్చేదాకా మెయిన్ వెయ్యకు.’ ఇంతే. కానీ చెబితే వెంటనే వచ్చే ప్రశ్న కూడా తెలుసు. ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్నవాడివి, కాలేజీలో పాఠాలు చెప్పేవాడివి, నీకు తెలీదా అన్నయ్యా?

“అది కాదమ్మా… ఆ లైన్లో ఓల్టేజీ ఎక్కువొస్తందట. నాను సాయంత్రం వచ్చి సూసీదాకా మెయిన్ వెయ్యకండి,” అన్నాడు.

“సాయంత్రవా? గోధుమలు మూడు రోజులబట్టి నాన్తన్నాయి. ఇయాల రుబ్బకపోతే పులిసిపోతాయి. దుకాణపోళ్ళు నన్ను బతకనిస్తారా?”

“సెప్పింది ఇను. ఓల్టేజీ ఎక్కువుంటే మోటారు కాలిపోద్ది.”

“సరే, సరే. సూస్తాంలే.”

ఫోన్ పెట్టేశాక పెదబాబు బండి వైపు చూశాడు. తాళం జేబులోనే ఉంది. కానీ క్లాసు మధ్యలో బండేసుకుని పరిగెడితే? గౌతమికి అర్థమైపోతుంది. ఆ కుర్రాళ్ళకీ అర్థమైపోతుంది. ‘మన తాత ఇలాగే చేస్తాడన్నమాట’ అని సన్నీ రేపు వేళాకోళం చేస్తాడు. చెల్లెలు మెయిన్ వెయ్యదు కదా, సాయంత్రం వెళ్ళి ఎవరికీ తెలియకుండా ముక్కలు పీకేస్తే సరిపోతుందనుకున్నాడు.

లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. పాఠకులు ఈ క్షణాన్ని బాగా గుర్తుంచుకోవాలి. ఒక నిండు ప్రాణానికీ ఒక మనిషి పరువుకీ మధ్య తూకం వేస్తే, ముల్లు పరువు వైపే మొగ్గింది.

గౌతమి అతన్ని చూసి ఆదరంగా పిలిచింది. “పెదబాబు గారూ, మీకు మా అందరికంటే అనుభవం ఎక్కువ. బయట ఇలా చేసేవాళ్ళని చూసుంటారు కదా. వీళ్ళకి రెండు మాటలు చెప్పండి.”

ఇరవై ఒక్క మొహాలు తిరిగాయి. పెదబాబు లేచాడు. గొంతు సవరించుకున్నాడు.

“సూసేను మేడమ్. శానామందిని సూసేను. ఇలాటి పన్జేసినోళ్ళని సెప్పుచ్చుకు కొట్టాల,” అన్నాడు.

క్లాసు చప్పట్లు కొట్టింది. గౌతమి కూడా కొట్టింది. పెదబాబు కూర్చున్నాడు. తర్వాత గంటసేపు ఎర్త్ గొయ్యి లోతు, కడ్డీ పొడుగు, రాగి తీగ మందం అని బోర్డు మీద ఏమేమో రాశారు. అతని పుస్తకంలో ఒక్క అక్షరం పడలేదు.

పదకొండు ఇరవైకి జేబులో ఫోన్ అదిరింది. తీసి చూస్తే నూకరత్నం. అప్పటికే నాలుగు మిస్డ్ కాల్స్. బయటికి పరిగెత్తాడు.

“అన్నయ్యా! అప్పలనరసమ్మ పడిపోనాదిరా! లెగట్లేదురా!”

ఏం జరిగిందో ఏడుపు మధ్య ముక్కలు ముక్కలుగా చెప్పింది. దాసు వచ్చి లైనిచ్చాడు. అన్నయ్య ఓల్టేజీ ఎక్కువన్నాడని ఆమె చెబితే, మీటరు పెట్టి చూపించాడు. “రెండొందల ముప్పై. బాగానే ఉందప్పా, మీ అన్నయ్యకెవరో తప్పు సెప్పేరు,” అన్నాడు. లైట్లు వెలిగాయి. ఫ్యాను తిరిగింది. ఓల్టేజీయే కదా భయం, అది బాగానే ఉంది కదా అని మెయిన్ ఉంచేశారు. నూకరత్నం దగ్గర పదేళ్ళుగా పని చేస్తున్న అప్పలనరసమ్మ నానిన గోధుమల గిన్నె ఎత్తి గ్రైండర్ అంచు పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి ఇక ఊడిరాలేదు. నూకరత్నం హల్వా కలిపే పెద్ద కర్ర తెడ్డుతో తోస్తే, ఆమె వెనక్కి పడింది.

చూశారా? నిజం చెప్పి ఉంటే ఆ మెయిన్ వేసేవాళ్ళు కాదు. అబద్ధాన్ని దాసు మీటరు అర నిమిషంలో కొట్టిపారేసింది. దాని వెనక దాగిన నిజాన్ని కొలిచే మీటరు అతని దగ్గర లేదు.

అప్పలనరసమ్మని ఆటోలో చోడవరం ఆసుపత్రికి తెచ్చారు. బతికింది. కుడి అరచెయ్యి మాత్రం కాలిపోయింది. రెండు వేళ్ళు ఇక ముడుచుకోకపోవచ్చన్నాడు డాక్టరు.

పెదబాబు వెళ్ళేసరికి మంచం చుట్టూ మనుషులున్నారు. గోడకి ఆనుకుని దాసు నిలబడ్డాడు, మొహం పాలిపోయి. నూకరత్నం అతని మీద విరుచుకుపడుతోంది.

“నువ్వేరా మనిషిని సంపేద్దువు! లైను తప్పుగా ఇచ్చేవట, ఎవరో సెప్పేరు. మీ ఆఫీసుకి రాయిస్తాను. నీ ఉద్యోగం ఉంటాదో ఊడుద్దో సూసుకో!”

“వైర్లు అటిటు అయ్యుండొచ్చప్పా, నాను కాదనను,” అన్నాడు దాసు దీనంగా. “కానీ దానికి గ్రైండర్ ఒంట్లోకి కరెంటు ఎలగొస్తాదప్పా? నాకేటీ అర్థం కాడం లేదు.”

“ఎలగొస్తాదా? వైరింగు చేసినోడు ఎవడనుకున్నావు? మా అన్నయ్య. కాలేజీలో మాస్టారు. నీలాటోళ్ళు పదిమందికి పాఠం సెప్పినోడు. ఆయన పన్లో తప్పుంటాదా?”

పెదబాబు నోరు విప్పలేదు. ఇప్పుడు కూడా. దాసు కాంట్రాక్టు లైన్‌మేన్. ఒక్క ఫిర్యాదు చాలు, రేపే వద్దంటారు. పెదబాబు నిలబడి చూస్తూ ఉంటే చాలు, నింద దానంతటదే దాసు నెత్తిన కూర్చుంటుంది.

మంచం మీద నుంచి సన్నగా పిలుపు వచ్చింది. “పెదబాబూ… ఇలా రా నాయినా.”

దగ్గరికెళ్ళాడు. చేతికి కట్టుతో అప్పలనరసమ్మ పడుకుని ఉంది.

“ఆ దాసుని తిట్టొద్దని సెప్పు మీ సెల్లికి. తప్పు నాదే. తడి సేత్తో అట్టుకున్నాను. కాళ్ళకి సెప్పులు లేవు. బుద్ధి లేనిదాన్ని.” ఆమె కళ్ళు అతని మొహాన్ని వెతికాయి. “నీ పనికేటీ పేరు పోదు కదా బాబూ? కొత్త షెడ్డు. మొదటి రోజే నా వల్ల ఇలా అయిపోనాది.”

దెబ్బ తిన్న మనిషే తనని క్షమించమని అడుగుతోంది. మన ఊళ్ళలో కరెంటు కాటేసిన ప్రతి ఆడమనిషి గురించీ మనం అనే మాటే అది. ‘తడి చేత్తో ముట్టుకుంది.’ ఆ చెయ్యి తడవకుండా ఏ వంటిల్లు నడుస్తుందో, ఏ పిండి రుబ్బుతారో, ఏ బట్ట ఉతుకుతారో మనలో ఒక్కరూ అడగరు. ఆఖరికి ఆ మాట నేరుగా ఆమె నోటికే వచ్చేసింది.

పెదబాబు మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

“నీది కాదమ్మా. దాసుదీ కాదు. నాది,” అన్నాడు.

నూకరత్నం తిట్టు మధ్యలో ఆగిపోయింది.

“ఎర్త్ ఇవ్వలేదు. ఇచ్చినట్టు కనపడ్డానికి ముక్క పెట్టేను. ఐదు సాకెట్లకీ. వైర్లు అటిటైతే ఒంటి మీదకొస్తాదని నాకు తెలీదు. పొద్దున్న తెలిసింది, క్లాసులో.” ఊపిరి పీల్చుకున్నాడు. “నాను మాస్టారిని కాను. ఆ పిల్లలతోపాటు బెంచీ మీద కూకుంటన్నాను. సర్టిఫికెట్ కోసం.”

నూకరత్నం అతని ముందుకొచ్చి అడిగింది. గొంతు విచిత్రంగా ప్రశాంతంగా ఉంది.

“నాకు ఫోన్ చేసినప్పుడు నీకు తెలుసా?”

“తెలుసు.”

“మరి ఓల్టేజీ అని ఎందుకన్నావు?”

సమాధానం ఒక్క మాట.

“సిగ్గేసింది.”

నూకరత్నం ఇక తిట్టలేదు. దాసు దగ్గరికెళ్ళి, “తప్పయిపోనాది తమ్ముడూ,” అని బయటికి నడిచింది. అన్నయ్య పక్క నుంచే వెళ్ళింది. అతని వైపు తిరగలేదు.

మర్నాడు పెదబాబు దాసు ఆఫీసుకి వెళ్ళి తప్పు తనదని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. అక్కడి నుంచి కాలేజీకి వచ్చాడు. క్లాసు మధ్యలో లేచి నిలబడి అంతా చెప్పాడు. ‘సెప్పుచ్చుకు కొట్టాల’ అన్న తన మాట కూడా విడిచిపెట్టలేదు. సన్నీ తల దించుకున్నాడు. ఆ వేళ ఎవరూ తాతా అనలేదు.

“నా పేరు కొట్టీండి మేడమ్. నాకు సర్టిఫికెట్ ఏటి? నాకు తగదు,” అన్నాడు చివర.

గౌతమి హాజరు పట్టీ మూసేసింది. ఆమె మొహంలో జాలి లేదు.

“కాగితం పరువు కోసం ఇవ్వం, పెదబాబు గారూ. ఇకమీద ‘నాకు తెలీదు’ అనడానికి మీకు వీల్లేకుండా ఇస్తాం. పేరు కొట్టెయ్యను. పరీక్ష రాయాలి. అంతకంటే ముందు, మీరు చేసిన ఇళ్ళన్నీ ఎక్కడున్నాయో చెప్పండి.”

ఇరవయ్యేళ్ళ ఇళ్ళు. అన్నీ గుర్తున్నాయా? లేవు. అద్దెవాళ్ళు మారారు, ఇళ్ళు అమ్ముడుపోయాయి. అప్పుడు పెదబాబే ఒక దారి చెప్పాడు. సినిమాలకీ, సంత బేరాలకీ ప్రచారం చేస్తూ తిరిగే మైకు ఆటో మాట్లాడుకున్నాడు. అందులో వినిపించేది అతని గొంతే.

“నాను కరెంటు పెదబాబుని. నాను వైరింగు చేసిన ఇళ్ళల్లో ఎర్త్ లేదు. ఉన్నట్టు మోసం చేసేను. మాడుగులలో నా వల్ల ఒక మనిషి చెయ్యి కాలిపోయింది. నాను పని చేసిన ఇల్లైతే గ్రైండర్, ఫ్రిజ్జి ప్లగ్గులు తీసీండి. మెయిన్ ఆపీండి. నాకు కబురెట్టండి. పైసా తీసుకోను.”

వడ్డాది బజారులో ఆటో వెళ్తుంటే జనం నిలబడి విన్నారు. టీ కొట్టు దగ్గర ఎవడో, “మాస్టారు బాగానే పాఠం సెప్తన్నాడ్రా!” అన్నాడు. గొల్లుమన్నారు. ఆటో వెనకే బండి మీద వస్తున్న పెదబాబుకి అది వినిపించింది. బండి ఆపలేదు. వీధి మారినప్పుడల్లా తన తప్పు తన గొంతుతోనే మళ్ళీ మొదటి నుంచి వినాలి. వారం రోజులు విన్నాడు.

గోతులు తవ్వడానికి క్లాసు కుర్రాళ్ళు వంతులేసుకుని వచ్చారు. కొన్ని ఇళ్ళలో మంచినీళ్ళిచ్చారు. కొన్ని ఇళ్ళలో గేటు దగ్గరే ఆపి, వేరే మనిషిని పెట్టుకుంటామన్నారు. పెదబాబు భార్య రోజూ పొద్దున్నే అప్పలనరసమ్మ ఇంటికెళ్ళి వంట చేసి వస్తోంది. నూకరత్నం మాత్రం అన్నయ్యతో ఇంకా మాట్లాడలేదు. షెడ్డులో సాకెట్లు మార్చడానికి వెళ్తే తలుపు తీసి, పని అయ్యేదాకా ప్రతి స్క్రూ దగ్గరా నిలబడి చూసింది.

రెండు నెలలకి పరీక్ష అయింది. పెదబాబు పాసయ్యాడు. సర్టిఫికెట్ అందుకోవడానికి పేరు పిలిచినప్పుడు క్లాసు చప్పట్లు కొట్టబోతే, చెయ్యెత్తి వద్దన్నాడు. కాగితం అందుకుని, పనిముట్ల సంచీలో పెట్టుకుని, అట్నుంచటే రావికమతం బయల్దేరాడు. అక్కడ మిగిలిపోయిన ఒక ఇంటి నుంచి ముందురోజే కబురొచ్చింది.

తలుపు తీసినావిడ కనకమహాలక్ష్మి. చంకలో మనవరాలు.

“నువ్వేనా ఆ మైకులో సెప్పినోడివి?”

“నానేనమ్మా.”

“పదేళ్ళయ్యింది మా ఇల్లు కట్టి. ఈ గుంట రోజుకి పదిసార్లు ఆ ఫ్రిజ్జి అట్టుకుంటాది. తెలుసా నీకు?”

పెదబాబు సంచీ గుమ్మం పక్కన దించాడు.

“ఇప్పుడైనా పనొచ్చా నీకు? కాయితం ఏటైనా ఉన్నాదా?”

సంచీలోంచి తీసి చూపించాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అతని ఫొటో, పేరు, ముద్ర. అతని మొహంలోకి చూసింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

“ఇరవయ్యేళ్ళు తెలీక చేసేవనుకుందాం. ఆ రోజు పొద్దున్నే నీకు తెలిసిపోనాదంట కదా. తెలిసేకైనా ఆ మాడుగుల మనిషిని కాపాడుకోలేకపోయేవా?” అంది.

ఇన్ని ఇళ్ళు తిరిగాడు, ఈ మాట ఎవరూ ఇంత సూటిగా అడగలేదు. పెదబాబు కళ్ళెత్తి ఆమెకి సమాధానం చెప్పాడు. పనివాడైనా, పెద్దమనిషైనా, ఎవరైనా సరే గుండెకి రాసుకోవాల్సిన సమాధానం.

“తెలీక చేసిన తప్పుకి ఇరవయ్యేళ్ళు దేవుడు కాపు కాసేడమ్మా. తెలిసేక సిగ్గుపడి దాచింది ఒక్క గంట. ఆ గంటే మనిషిని పడగొట్టీసింది.”